ఎస్టోనియా, ఫిన్లాండ్ పల్లెల ఊరుమ్మడి ఊయల: తాళ్లు ఎందుకు లేవు? ఒక్కరే ఎందుకు ఊగలేరు?

నల్లరేగడి

అందరికీ నమస్కారం. ఉద్యోగరీత్యా రెండేళ్లుగా టాలిన్‌లో ఉంటున్నాను. మే నెలాఖరున లాహెమా జాతీయ ఉద్యానవనం వైపు వెళ్లి, సముద్రపు ఒడ్డున ఉన్న ఒక జాలరి పల్లెలో ఆగాము. ఊరి చివర పచ్చికబయలులో ఒక ఊయల కనిపించింది. ఊయల అనగానే మనకు తోచే చెట్టుకొమ్మ, మోకు, పీట ఏవీ అక్కడ లేవు. నేలలో పాతిన రెండు లావుపాటి గుంజలు, వాటి తలల మీద అడ్డంగా ఒక ఇరుసు, ఆ ఇరుసు నుంచి కిందికి దిగిన వాసాలు, వాటి అడుగున జనం ఎదురెదురు వరుసల్లో నిలబడేందుకు బల్లలు ఉన్నాయి. అంతా కర్రతోనే చేశారు. నేను ఒక్కడినే ఎక్కి పది నిమిషాలు తంటాలు పడితే అది కిర్రుమని మూలిగిందే కానీ జానెడుకు మించి కదలలేదు. కాసేపటికి ఆ ఊరి పిల్లలు అయిదుగురు వచ్చి, నన్ను దిగమని కూడా అనకుండా నా ఎదుట, పక్కన ఎక్కి నిలబడ్డారు. రెండు నిమిషాలు గడిచేసరికి నా పాదాల కింద ఉన్న బల్ల నా తలంత ఎత్తుకు లేచి దిగుతోంది.

దీనిని కీక్ అంటారని, ఊరి ఊయల కాబట్టి క్యూలకీక్ అంటారని తరువాత తెలిసింది. తాళ్లు వాడకుండా ఇంత బరువుగా ఎందుకు కట్టారు? ఇది పిల్లల ఆటవస్తువా, పండుగ సామగ్రియా? తెలిసినవారు వివరంగా చెప్పగలరని మనవి.

వడ్రంగిపిట్ట

నల్లరేగడి గారూ, మంచి ప్రశ్న వేశారు. నాకు కర్రపని అలవాటు ఉంది కనుక కట్టుబడి గురించి చెబుతాను.

తాటి ఊయల ఒకరికో ఇద్దరికో సరిపోతుంది. ఎనిమిది మందో పది మందో నిలబడే బల్లకు తాళ్లు కడితే రెండు చిక్కులు వస్తాయి. అందరూ ఒకే క్షణంలో కాళ్లు తన్నరు కాబట్టి బల్ల మెలి తిరుగుతుంది. ఇక బాగా ఎత్తుకు వెళ్లినప్పుడు తాడు ఒక్క క్షణం సడలి మళ్లీ బిగుసుకుంటుంది, ఆ కుదుపుకు నిలబడ్డవారు జారిపోతారు. కర్ర వాసం సడలదు, మెలి తిరగదు. బల్ల ఎప్పుడూ వాసానికి అడ్డంగానే ఉంటుంది కనుక ఎంత ఎత్తున ఉన్నా పాదానికి ఆనుడు దొరుకుతుంది, పక్కనున్న వాసం చేతికి పట్టు ఇస్తుంది. పైగా ఆ దేశాల్లో స్ప్రూస్, బర్చ్, పైన్ చెట్లకు కరువు లేదు.

అసలు పనితనం ఇరుసు దగ్గర కనిపిస్తుంది. గుంజ తలలో చెక్కిన గాడిలో ఇరుసు తిరగాలి. ఆ చోట కందెన ఎండిపోతే మీరు విన్న కిర్రుమనే మూలుగు వస్తుంది. గుంజలు పక్కకు ఒరిగిపోకుండా ఏటవాలు ఊతాలు కూడా నిలుపుతారు. ఒక హెచ్చరిక కూడా చేయాలి. ఈ ఊయల ఊగేటప్పుడు దాని దారిలో, ముందు కానీ వెనుక కానీ నిలబడకూడదు. పది మంది బరువుతో వస్తున్న బల్లను ఎవరూ చేత్తో ఆపలేరు. పైనున్నవారు కాళ్లు తన్నడం మానేసి, అది తనంతట తాను నెమ్మదించేవరకు ఓపిక పట్టవలసిందే.

తంగేడుపూత

ఇక పండుగ సంగతి. జానపద గీతాలు నాకు ఇష్టమైన విషయం కాబట్టి కొంచెం నిడివిగా రాస్తున్నాను, పెద్దలు మన్నించాలి.

ఊయల కాలం ఈస్టర్‌తో మొదలవుతుంది. చలికాలమంతా నాలుగు గోడల మధ్య గడిపిన పడుచువాళ్లు మంచు కరగగానే బయట కలుసుకునే మొదటి చోటు ఇదే. ఈస్టర్‌కు ఎస్టోనియన్ భాషలో ఉన్న పలు పేర్లలో గుడ్ల పండుగ అని ఒకటి, ఊయల పండుగ అని మరొకటి ఉన్నాయి. ఆ రెండు పేర్లనూ ముడివేసే ఆచారం ఒకటి ఉంది. ఊయల కట్టడం మగపిల్లల వంతు. కట్టినందుకు ప్రతిఫలంగా ఆడపిల్లలు వారికి రంగు గుడ్లు ఇచ్చేవారు. రంగుకు ఉల్లిపొట్టు, బర్చ్ ఆకులు వాడేవారు. కొన్నిచోట్ల చేతితో అల్లిన ఊలు చేతొడుగులు, నేసిన నడుంపట్టీలు కూడా ఇచ్చేవారు. కష్టం ఒకరిది, కానుక ఒకరిది, ఊగడం మాత్రం అందరిదీ.

పాటల్లో ఇది ఇంకా ముచ్చటగా ఉంటుంది. ఊయల కట్టిన అన్నదమ్ములను మెచ్చుకునే పాటలు ఉన్నాయి. గట్టిగా కట్టారా లేదా అని సందేహించే పాటలు కూడా ఉన్నాయి. ఊయలే నోరు తెరిచి తనకు చేతొడుగులు కావాలని అడిగినట్లు సాగే పాట బాగా ప్రసిద్ధం. ఊపు ఎక్కువై ఒంటిమీది నగ జారిపడిపోయిందని వాపోయే పాటలు కూడా ఆ కోవలోవే. వీటిని పాడే పద్ధతిని రెగిలౌల్ అంటారు. పాదానికి ఎనిమిది అక్షరాల నడక ఉంటుంది, అంత్యప్రాస కన్నా పదాల మొదటి అక్షరాల పొందికకు ప్రాధాన్యం ఎక్కువ. ఒకరు పాదం ఎత్తుకుంటే మిగిలినవారు దానినే తిరిగి అందుకుంటారు. చెబితే చాలు మన కోతపాటలు గుర్తుకు వస్తాయి.

ఈ పాటలు నేటికి మిగిలాయంటే ఒక పెద్ద సేకరణ యజ్ఞమే కారణం. 1888లో యాకోబ్ హుర్ట్ అనే పాస్టరు పత్రికల ద్వారా ప్రజలకు పిలుపునిచ్చి, మీ ఊళ్లోని పాటలు, నమ్మకాలు రాసి పంపండని కోరాడు. రైతులు, బడిపంతుళ్లు కలిపి వెయ్యికి పైగా మంది రాసి పంపారు. ఆ కాగితాలు ఇప్పటికీ టార్టు నగరంలోని జానపద భాండాగారంలో ఉన్నాయి.

పెద్దబాలశిక్ష

తంగేడుపూత గారూ, చక్కగా రాశారు. అయితే నాకు ఒక సందేహం ఉంది. ఇది సూర్యారాధన అని, పంటలు ఎత్తుగా పెరగడానికి చేసే ప్రాచీన తంతు అని పర్యాటకుల కోసం రాసే వ్యాసాల్లో తరచూ చదువుతుంటాను. దానికి ఆధారం ఉందా, లేక ఊగడం కనబడగానే ఎవరో అంటించిన కథా? పొలంలో ఏం జరిగినా సస్యదేవత కోసమే జరిగిందనడం గత శతాబ్దపు పండితులకు ఒక వ్యసనం.

తంగేడుపూత

మీ అనుమానం సబబైనదే. రెండింటినీ విడదీసి చూడాలి. పల్లె ప్రజలు స్వయంగా చెప్పి రాయించిన నమ్మకాలు ఉన్నాయి. పొరుగున ఉన్న లాత్వియాలో ఇవి బాగా తెలిసినవి. ఈస్టర్ నాడు ఊగితే ఆ వేసవిలో దోమలు కుట్టవని, ఎంత ఎత్తుకు ఊగితే అవిసె మొక్క అంత ఎత్తు పెరుగుతుందని అక్కడ అంటారు. నారబట్ట ఇంట్లోనే నేసుకునే కాలంలో అవిసె పొడవు చిన్న విషయం కాదు. ఆ చిత్తడి నేలల్లో ఒక్క వేసవి గడిపినవారు దోమల సంగతినీ తేలికగా తీసుకోరు. ఇంతవరకు నమ్మకాలు. వీటి నుంచి సూర్యారాధన దాకా వెళ్లడం వ్యాఖ్యాతల పని. ఆ మెట్టు నేనైతే ఎక్కను.

మీకు నచ్చే భాషాసంగతి ఒకటి చెబుతాను. ఆగ్నేయ ఎస్టోనియా మాండలికాల్లో, సెటో ప్రజల మాటలో ఊయలను హెల్ అంటారు. ప్రామాణిక ఎస్టోనియన్‌లో ఆ మాటకు అర్థం పసిబిడ్డ తొట్టె. మనం ఉయ్యాల అనే ఒక్క మాటతో రెండింటినీ పిలవడం లేదా? ఊగని బతుకమ్మ పాటలోకీ ఉయ్యాలో అనే పల్లవి వచ్చి చేరిన భాష మనది. కాబట్టి ఈ సంగతి మనకు వింతగా తోచదు.

ఎస్పూవాసి

ఫిన్లాండ్ నుంచి నా వంతు. పదకొండేళ్లుగా ఇక్కడ ఉంటున్నాను.

ఊయలకు ఇక్కడి ప్రామాణిక పదం కెయిను. కీక్కు అనే మాండలిక పదమూ ఉంది, అది ఎస్టోనియన్ కీక్‌కు సోదరి అని వినగానే తెలుస్తుంది. పశ్చిమాన లియెక్కు అనే మరో మాట వినిపిస్తుంది. ఊరి మధ్య కాకుండా కాస్త మిట్ట మీద, నాలుగు ఇళ్ల నుంచీ కనబడే చోట ఊయల నిలిపేవారు. పెద్దలకు పిల్లలు కళ్లముందు ఉన్నట్లూ ఉంటుంది, పిల్లలకు పెద్దలు వినలేనంత దూరంలో ఉన్నట్లూ ఉంటుంది. ఈ ఏర్పాటు చేసిన బుర్ర ఎవరిదో కానీ మెచ్చుకోవాలి.

ఈస్టర్ తరువాత ఏడు వారాలకు వచ్చే పెంతెకోస్తు పండుగకు ఇక్కడ ఒక సామెత ఉంది: పెంతెకోస్తుకు జోడు దొరకకపోతే వేసవి అంతా దొరకదట. ఇప్పుడు నవ్వులాటకు అంటారు కానీ, ఒక్కో ఇల్లు ఒక్కో అడవి అంచున ఉండే దేశంలో పడుచువాళ్లు ఒకరినొకరు చూసుకునే అవకాశాలు ఎన్ని ఉంటాయో ఆలోచించండి. చర్చి మెట్లు, పొలం పని, ఊయల మిట్ట. మొదటి రెండు చోట్లా పెద్దలు పక్కనే ఉంటారు.

అందుకే క్రైస్తవ భక్తి ఉద్యమాలకు ఊయల అంటే గిట్టేది కాదు. ఫిన్లాండ్‌లో పీటిస్టు బోధకులు నృత్యంతో పాటు దీనినీ లోకవ్యామోహాల జాబితాలో వేశారు. ఎస్టోనియాలో 18వ శతాబ్దంలో మొరావియన్ సోదర సంఘం వ్యాపించినప్పుడు పాత పాటలు, వాద్యాలు, నగలు అన్నీ పాపమనే ముద్ర వేయించుకున్నాయి. అయినా ఊయల పూర్తిగా పోలేదు. మిడ్‌సమ్మర్ (నడివేసవి పండుగ) మంటల పక్కన అది నిలిచే ఉంది.

ఇంగ్రియా గురించి కూడా ఒక మాట. ఫిన్నిష్ సింధుశాఖ దక్షిణ తీరంలో, నేటి రష్యాలో భాగమైన ఆ ప్రాంతపు ఆడవారి నోట ఊయల పాటలు ఎంతో సమృద్ధిగా దొరికాయి. ఫిన్నిష్ సంకలనాలు తిరగేసేవారు ఆ సంపుటాలతో మొదలుపెట్టడం మంచిది.

లోలకం

ఒక్కరే ఎందుకు ఊగలేరన్న ప్రశ్నకు ఇంకా ఎవరూ జవాబు ఇవ్వలేదు. భౌతికశాస్త్రం బోధించేవాడిని కనుక ఆ బాకీ నేను తీరుస్తాను.

నిలబడి ఊగేవారు చేసే పని ఇది: చివరి ఎత్తుకు చేరినప్పుడు మోకాళ్లు వంచి కుంగుతారు, కింది స్థానం దాటే క్షణంలో నిటారుగా లేస్తారు. లేచినప్పుడు శరీర బరువు ఇరుసుకు దగ్గరవుతుంది. తిరిగేది ఇరుసుకు దగ్గరైతే వేగం పెరుగుతుంది. గిరగిర తిరిగే నర్తకి చేతులు ముడుచుకోగానే ఇంకా జోరుగా తిరుగుతుంది, ఇదీ అంతే. ఆ వేగం తరువాతి ఎత్తుగా మారుతుంది. అంటే ఊయలకు శక్తిని ఇచ్చేది మోకాళ్లే.

ఇప్పుడు నల్లరేగడి గారి అవస్థ చూడండి. వారు లేచినప్పుడు ఇరుసుకు దగ్గరైనది వారి ఒంటి బరువు మాత్రమే. బల్లలు, వాసాలు అలాగే ఉన్నాయి. ఊయల బరువు మనిషి బరువుకు రెండు మూడు రెట్లు ఉందనుకుంటే, వారి శ్రమలో చాలా భాగం ఆ కర్రను కదిలించడానికే ఖర్చయిపోతుంది. ఇరుసు దగ్గరి రాపిడి మిగిలినదాన్ని తినేస్తుంది. ఆరుగురు ఎక్కగానే లెక్క తిరగబడింది. కదలని బరువు కన్నా కుంగి లేచే బరువు ఎక్కువైంది. అందులోనూ ఎదురెదురు వరుసలు ఉండడం వల్ల ఇంకో లాభం ఉంది. ఒక దిక్కుకు దిగేటప్పుడు ఒక వరుస, తిరుగు దిక్కున రెండో వరుస ఒత్తిడి ఇస్తారు. ఎస్టోనియన్లు ఈ ఊపును హోగ్ అంటారు.

ఒక లెక్క కూడా: వాసం మూడు మీటర్లు ఉంటే ఒకసారి వెళ్లి రావడానికి దాదాపు మూడున్నర సెకన్లు పట్టాలి. పది మంది ఎక్కినా ఇద్దరు ఎక్కినా ఇది మారదు.

తంగేడుపూత

లోలకం గారూ, మూడున్నర సెకన్లన్న మాట నన్ను ఆపేసింది. ఎనిమిది అక్షరాల పాదం తాపీగా పాడితే ఇంచుమించు అంతే పడుతుంది! అంటే ఒక రాకపోకకు ఒక పాదం. పది మంది ఒకేసారి కుంగి లేవడానికి పాటే తాళం వేసేదనుకోవచ్చా?

పెద్దబాలశిక్ష

తొందరపడుతున్నారు. అదే ఎనిమిది అక్షరాల పాదంతో వాళ్లు పెళ్లిపాటలు పాడారు, పశువులు కాస్తూ పాడారు, కోతలప్పుడు పాడారు. ఊయల కోసం పుట్టిన కొలత అయితే ఊయల దగ్గరే ఉండాలి కదా. సూర్యారాధన మెట్టు ఎక్కనన్నారు కదా, ఈ మెట్టు కూడా చూసి ఎక్కండి.

తంగేడుపూత

ఛందస్సు ఊయల నుంచి పుట్టిందని నేను అనడం లేదు. ఉన్న ఛందస్సును ఊపుకు తగ్గట్లు సాగదీసి పాడి ఉండవచ్చని మాత్రమే నా మాట. ఊయల పాటలకు ప్రత్యేకమైన బాణీలు ఉన్న మాట నిజం. అయినా ఎవరైనా ఊయల మీద నిలబడి, గడియారం పట్టుకుని పరీక్షించి చెబితే వాదన తీరుతుంది. నల్లరేగడి గారూ, జూన్ 23 రాత్రి, మిడ్‌సమ్మర్ మంటల వేళ, మీరు ఎక్కడ ఉంటారు?

వడ్రంగిపిట్ట

ఇంతలో నాకు ఒక విషయం తోచింది. ఇంత బరువైన కట్టుబడికి నలుగురైదుగురు పనివాళ్లు, పెద్ద మానులు కావాలి. ఒక ఇంటివారు తమ పెరట్లో కట్టుకోగలిగింది కాదు. మన అట్లతద్ది ఊయలలో చెట్టు అప్పటికే ఉంది, మోకు వేస్తే చాలు, పండుగ కాగానే విప్పేస్తే చాలు. అక్కడ ఊయల కట్టడమే ఊరంతా కలిసి చేసే పని అయింది.

లోలకం

కీకింగ్ గురించి చెప్పకపోతే చర్చ అసంపూర్ణం అవుతుంది. 1990ల తొలి సంవత్సరాల్లో ఎస్టోనియాకు చెందిన ఆదో కోస్క్ ఈ ఊరి ఊయలను ఆటల పోటీగా మార్చాడు. వాసాలకు బదులు పొడవు పెంచుకోగల ఉక్కు గొట్టాలు వచ్చాయి. పాదాలను బల్లకు బిగించి కట్టేస్తారు. ఆటగాడు కుంగి లేస్తూ ఇరుసు మీదుగా పూర్తి చుట్టు, అంటే 360 డిగ్రీలు, తిరిగి రావాలి. ఎక్కువ పొడవున్న గొట్టాలతో తిరిగినవారిదే గెలుపు. 2018లో స్వెన్ సార్పెరె 7.38 మీటర్లతో తిరిగి ప్రపంచ రికార్డు నెలకొల్పాడు.

పొడవు పెరిగితే ఎందుకు కష్టమో చూడండి. కుంగి లేచినప్పుడు బరువు కేంద్రం 40 సెంటీమీటర్లు జరుగుతుందనుకుందాం. గొట్టాల బరువును లెక్కలోకి తీసుకోకపోతే, మూడు మీటర్ల ఊయలలో ఒక్క ఊపుకు ఎత్తు ఒకటిన్నర రెట్లు అవుతుంది. ఏడు మీటర్లలో 1.2 రెట్లు దాటదు. అంటే దాదాపు రెండున్నర రెట్ల సార్లు, ఒక్కసారి కూడా తాళం తప్పకుండా లేవాలి. ఉక్కు అయినా కర్ర అయినా, తాళ్లు ఉండి ఉంటే ఈ ఆట పుట్టేదే కాదు. తాడుతో ఇరుసు మీదికి వెళ్లబోతే సగంలోనే సడలి మనిషి నిలువునా పడిపోతాడు.

ఎస్పూవాసి

నా అభిప్రాయం నిష్ఠూరంగా ఉంటే క్షమించాలి. కీకింగ్ గొప్ప సాహసమే, కానీ దానిలో ఊయల పోయింది. ఒక్క మనిషి, ఒక్క ఇనుప చట్రం, చుట్టూ చూసేవాళ్లు. ఎదుటివారి ముఖం చూస్తూ నవ్వుతూ భయపడుతూ ఊగడమే క్యూలకీక్ అయితే, ఇది దానికి వారసురాలు కాదు.

లోలకం

నిష్ఠూరమేమీ లేదు. కానీ పల్లె ఊయల మీద కూడా ఎత్తు కోసం పోటీ ఉండేదే కదా. సరిగ్గా ఆ పోటీని మాత్రమే విడదీసి తీసుకున్నారు. నా విద్యార్థులకు మాత్రం ఇంతకన్నా మంచి పాఠం దొరకదు.

తంగేడుపూత

ఇద్దరి మాటలోనూ నిజం ఉంది కానీ నా మొగ్గు ఎస్పూవాసి గారి వైపే. సోవియట్ కాలంలో, ముఖ్యంగా 1949 మార్చిలో ఇరవై వేల మందికి పైగా ప్రజలను ఎస్టోనియా నుంచి సైబీరియా తదితర ప్రాంతాలకు తరలించి, పొలాలను సామూహిక క్షేత్రాలుగా కలిపేసిన తరువాత, పాత ఊరి కట్టుబాట్లు చాలాచోట్ల చెదిరిపోయాయి. 1991లో స్వాతంత్ర్యం తిరిగి వచ్చాక గ్రామ సంఘాలు మళ్లీ ఊయలలు నిలిపాయి. వాటిలో చాలావరకు ఒక్కరు ఊగేందుకు కాదు, పది మంది ఎక్కేందుకు కట్టినవే.

నల్లరేగడి

ఆలస్యానికి మన్నించాలి. జూన్ 23 రాత్రి మా సహోద్యోగి ఒకరు వాళ్ల అమ్మమ్మగారి ఊరికి తీసుకువెళ్లారు. అక్కడివారు ఆ పండుగను యానిపేవ్ అంటారు. పదకొండు గంటలు దాటినా ఆకాశం ఇంకా పలచని నీలంగానే ఉంది. పెద్ద మంట, దాని నుంచి నలభై అడుగుల దూరంలో ఊయల. ఎక్కే ముందు ఒక పెద్దాయన గుంజ ఎక్కి ఇరుసు గాడిలో గరిటెడు గ్రీజు పూసి దిగారు. మేము తొమ్మిది మంది ఎక్కాము. నా ఎదుట నిలబడినది ఆ అమ్మమ్మగారే, డెబ్బై ఏళ్లు దాటి ఉంటాయి. ఆవిడ నా మోకాళ్ల వైపు చూసి చెయ్యి ఆడించారు. నేను ఎప్పుడూ ఒక క్షణం ముందే లేచిపోతున్నానని మనవరాలు అనువదించింది. లోలకం గారు చెప్పినది బుర్రకు అర్థమైంది కానీ కాళ్లకు అర్థం కావడానికి పది ఊపులు పట్టింది.

ఇక పరీక్ష ఫలితం. కింద నిలబడిన మిత్రుడు ఫోనులో లెక్క పెట్టాడు. ఊపు బాగా ఉన్నప్పుడు పది రాకపోకలకు 38 సెకన్లు పట్టింది.

పాట విషయానికి వస్తే, అమ్మమ్మగారు పాదం ఎత్తుకున్నారు, ఇద్దరు ముగ్గురు అందుకున్నారు. ఊయల నెమ్మదిగా ఉన్నంతసేపు ఒక రాకపోకకు ఒక పాదం సరిపోయింది, ఆ మాట తంగేడుపూత గారికి సంతోషం కలిగిస్తుంది. కానీ ఊపు అందుకున్నాక ఎవరూ పాడలేదు. అరుపులు, నవ్వులు, కిందినుంచి ఎవరో వేసే కేకలు తప్ప ఏమీ వినబడలేదు. పాటతో ఊపు మొదలైంది, ఊపు వచ్చాక పాట ఆగిపోయింది.

లోలకం

38 సెకన్లు సరిగ్గానే ఉన్నాయి. నేను చెప్పినది చిన్న ఊపుకు వర్తించే లెక్క. ఊపు విశాలమైన కొద్దీ ఒక్కో రాకపోకకు కాస్త ఎక్కువ సమయం పడుతుంది. వాసం పొడవు కొలిచారా?

నల్లరేగడి

కొలవలేదు. అంత ఎత్తులో జేబులోంచి నా ఆఫీసు ప్రవేశ కార్డు జారి గడ్డిలో ఎక్కడో పడిపోయింది. ఊయల ఆగేదాకా దిగడానికి వీలులేక, అది పడిన దిక్కు చూస్తూ ఊగుతూనే ఉన్నాను. సంగతి తెలిసి అమ్మమ్మగారు పగలబడి నవ్వారు. ఆవిడ చిన్నప్పుడు పాడిన పాటలో జారిపోయింది వెండి పతకమట. మర్నాడు ఉదయం ఆ ఇంటి పిల్లవాడు మంచుకు తడిసిన కార్డు తెచ్చి ఇచ్చాడు. సోమవారం ఆఫీసు తలుపు దగ్గర అది పనిచేసింది.